ఏటూరోళ్ళ పిల్ల

జూన్ 8, శనివారం

అక్క ఈరోజు నన్ను చూసి ఎవడో డ్రైవర్‌ని చూసినట్టు చూసింది.

డ్రైవర్నే. కాదనడం లేదు. యూనివర్సిటీలో కంప్యూటర్ డిపార్ట్‌మెంట్‌కు పెద్ద పెరుమాళ్‌సామి సార్. ఆయన కారు నడిపేది నేను. కానీ ఒకే ఇంట్లో పొద్దున ఒకే కుండలో నీళ్ళు తాగి వచ్చినవాళ్ళు ఎదురుపడితే కళ్ళలో ఏదో ఒకటి కదలాలి కదా. ఇందుజ కళ్ళలో ఏమీ కదల్లేదు. ఫైలు గుండెకు అదుముకుని, నా భుజం పక్కనుంచి మెట్లెక్కి పోయింది. మల్లెపూల వాసన మాత్రం మా ఇంటిదే.

ఇంటర్వ్యూకు వస్తున్నానని నాతో ఒక్క మాట చెప్పలేదు.

తెలుగులో రాసుకోవడం మంచిదైంది. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, బడిలో చదివింది మాత్రం తమిళం. అక్కకు డాక్టరేట్ ఉంది, తెలుగు అక్షరం ఒక్కటి రాదు. నేను తొమ్మిదిలో బడి మానేసి, లారీలో క్లీనర్‌గా నెల్లూరు, ఒంగోలు తిరిగినప్పుడు అంగళ్ళ బోర్డులు చదువుతూ నేర్చుకున్నా. ఈ పుస్తకం మంచం మీద తెరిచి పెట్టి పోయినా ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. కాబట్టి ఏదైనా రాస్తా.

మధ్యాహ్నం దాకా ఇంటర్వ్యూలు. వచ్చేనెల ఇన్‌స్పెక్షన్ టీం వస్తుంది. డాక్టరేట్ ఉన్న టీచర్లు చాలినంత మంది కనపడకపోతే డిపార్ట్‌మెంట్‌లో సీట్లు కోసేస్తారు. కంప్యూటర్లో డాక్టరేట్ చేసినవాళ్ళు సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పోతారు గానీ పిల్లలకు పాఠం చెప్పడానికి ఎవరొస్తారు? ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు. కారులో వాళ్ళకు డ్రైవర్ కనపడడు. స్టీరింగ్ దానంతట అదే తిరుగుతున్నట్టు మాట్లాడుకుంటారు.

సాయంత్రం అవినాశి రోడ్డు మీద సార్ మంచి ఊపులో ఉన్నాడు. ఆయనా తెలుగువాడే. సంతోషమొస్తే నాతో తెలుగు మాట్లాడతాడు, తిట్టాలన్నా తెలుగే.

"ఒరే యువన్, ఈ దినం మన పిల్ల ఒకతి దొరికిందిరా. డెమో క్లాసు ఏమి తీసింది తెలుసునా! బయటికి వచ్చి ఫోన్లో వాళ్ళమ్మతో తెలుగు మాట్లాడతా ఉండాది. ఇంటిపేరు ఏమమ్మా అని అడిగితే ఏటూరు అనింది. మా పెద్దమ్మను ఇచ్చింది ఏటూరోళ్ళ ఇంటికే. చూడు, ఎట్ట వచ్చి చేరినాదో."

"మంచిదింగ సార్" అన్నాను.

ఇక్కడ తమిళవాళ్ళకు ఇంటిపేర్లు ఉండవు. ఇంటిపేరు చెప్పగానే తెలుగువాళ్ళని తెలిసిపోతుంది, వెంటనే చుట్టరికం లెక్క మొదలుపెడతారు. మా అవ్వ చెప్పేది, ఎన్నో తరాల కిందట ఏటూరు అనే ఊరు ఊరంతా లేచి ఇటు వచ్చిందని. భూములున్నవాళ్ళు బండ్లెక్కి వచ్చారట. వాళ్ళ గొడ్లను తోలుకుంటూ మావాళ్ళు వెనక నడిచి వచ్చారట. బండెక్కినవాళ్ళూ ఏటూరోళ్ళే, నడిచినవాళ్ళూ ఏటూరోళ్ళే. సార్‌కు బండెక్కినవాళ్ళే గుర్తొచ్చారు.

నేను తుడియలూరు కాలనీవాడినని ఆయనకు తెలుసు. నెల్లూరు పక్క దళితవాడ అంటారే, ఇక్కడ దాన్నే కాలనీ అంటారు. చేరిన రోజే ఏ వీధి అని అడిగి తెలుసుకున్నాడు. ఇంటిపేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు. నన్ను అడిగే పనేముంది.

జూన్ 9, ఆదివారం

గొడవ. పొద్దున్నే మొదలుపెట్టింది నేనే, కానీ కారణం ఆమె.

ఆడ అంతమందిలో నన్ను ఎరగనట్టు పోయావే అని అడిగాను. బట్టలు మడతపెడుతూ, తలెత్తకుండా చెప్పింది. ఇప్పటికి అయిదు చోట్ల ఇంటర్వ్యూకు పోయిందట. అన్ని చోట్లా పాఠం బాగుందన్నారు. తర్వాత సొంత ఊరేది అన్నారు, ఏ వీధి అన్నారు, అప్పా ఏమి చేస్తాడు అన్నారు. రెండో రోజుకు, మళ్ళీ చూద్దాం అని మెయిల్ వచ్చింది. ఇదొక్క చోట ఎవరూ వీధి అడగలేదట.

"నేను అబద్ధం ఏమైనా చెప్పినానా? ఇంటిపేరు అడిగినాడు, చెప్పినాను. ఆయన ఏమి అనుకునినాడో దానికి నేను ఏమి చేసేది?"

"తమ్ముడు ఉండాడని చెప్పివుండొచ్చు."

"చెప్పివుంటే ఆరో మెయిల్ వస్తాది. చాలునా నీకు?"

నాయన పంపు ఫౌండ్రీలో మౌల్డింగ్ పనిచేస్తాడు, ఆదివారమే ఇంట్లో ఉండేది. వాకిట్లో కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న నల్లమట్టి తీసుకుంటూ అంతా విన్నాడు. ఆయన ఎప్పుడూ అంతే, అక్క పక్కనే ఉంటాడు, మాట్లాడకుండా.

జూన్ 11

నాకేం కోపం లేదు.

జూన్ 13, గురువారం

పని మానేయమంటోంది. నన్ను.

రాత్రి అన్నం తింటుంటే, ఏదో ఉప్పు అందుకో అన్నట్టు అడిగింది. ఆర్డర్ వస్తే ఆమె ఆడనే ఉండాలి, నేనూ ఆడనే తిరుగుతుంటే ఎన్ని దినాలు దాగుతుంది, ఎవరో ఒకరు కాలనీ బస్టాపులో ఇద్దరినీ చూస్తారు అంది. ఆ మాట దాకా నేను విన్నాను. తర్వాతది వినకుండా ఉంటే బాగుండేది.

"నువ్వు ఏ పనిలో నిలిచినావురా? పంపు కంపెనీ వదిలినావు. అవినాశిలో బనియన్ కంపెనీ వదిలినావు. లారీ వదిలినావు. ఈడా నీకు విసుగు వచ్చే సమయమే. నాలుగు దినాలు ముందు వదిలితే ఏమి పోతాది?"

అమ్మ గరిటె పట్టుకుని అట్లే నిలబడింది. అక్క చెప్పింది నిజమేమో అన్నట్టు నా ముఖం చూసింది. దాని కంటే అక్క మాటే నయం.

ఈ పని నేను వదల్లేదు. వదలాలని ఒక్కసారీ అనిపించలేదు. కారంటే నాకిష్టం. తెల్లారి తుడిచి, అద్దం మీద నా ముఖం కనపడేదాకా తుడిచి, ఏసీ వేసి సార్ కోసం కూర్చునే ఆ కాసేపు ఎవరి మాటా నాకు పడదు. ఇది ఎవరికి చెప్పాలి.

అక్క నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని ఏదో డౌన్‌లోడ్ చేసుకుంటోంది. సగంలో ఉండగా ఆపేశా. బ్యాటరీ లేదన్నాను.

జూన్ 15

సార్ వాళ్ళమ్మ కాంతమ్మాళ్ ఏటూరోళ్ళ పిల్లను చూడాలందట. రేపు ఇంటికి తీసుకురమ్మన్నాడు. ఉద్యోగానికి, ఇంటికి ఏమి సంబంధమని అడగడానికి నేనెవర్ని. ఆమె నంబరు పంపిస్తా, ఫోన్ చేసి ఎక్కడ ఎక్కించుకోవాలో అడుగు అన్నాడు.

నంబరు పంపించాడు. తెరమీద "అక్క" అని వచ్చింది. ఫోన్ ఆయన కంట పడకుండా తిప్పేశాను.

జూన్ 16, ఆదివారం

ఒకే ఇంట్లోంచి ఇద్దరం బయలుదేరాం. ఆమె ముందు బస్సెక్కింది. నేను పోయి యూనివర్సిటీ షెడ్డులో కారు తీసి, గాంధీపురం బస్టాండు ఎదురుగా బట్టల షోరూం దగ్గర ఆమెను ఎక్కించుకున్నాను. వెనక సీట్లో కూర్చుంది. అమ్మ పట్టుచీర. అమ్మకు అదొక్కటే.

"ఏసీ తగ్గించాలింగా మేడం?" అన్నాను.

"నోరు మూసుకుని పో" అంది.

సార్ ఇంట్లో నన్ను ఎప్పుడూ పోర్టికో దాటి పిలవరు. కాఫీ వస్తుంది, పేపర్ కప్పులో. వాళ్ళింట్లో స్టీలు గ్లాసులు ఎన్నో ఉన్నాయి, తోటపని చేసే ముసలాయనకు కూడా గ్లాసే. నేను గొడవపడను. పేపర్ కప్పు కడగక్కర్లేదు అనుకుంటా.

కిటికీ తెరిచే ఉంది. లోపల బల్ల మీద దోసెలు. కాంతమ్మాళ్ తన చేత్తో వడ్డిస్తోంది. చుట్టరికాలు అడుగుతోంది, అక్క తెలీదింగ, మా అవ్వకు తెలిసుంటాది అని తప్పుకుంటోంది. ముసలామెకు అది వినయంలా కనిపించింది. మనలో ఇట్టాంటి చదువుకున్న ఆడబిడ్డ ఉండాలి అని మురిసిపోయింది. ఆ తర్వాత అంది:

"ఇప్పుడు కాలనీవాళ్ళు అంతా డాక్టరేట్ అంటా వచ్చేసినారు. గవర్మెంటు ఇస్తాది, వాళ్ళు తీసుకుంటారు. చదువు వేరే, వంశం వేరే కదమ్మా?"

అక్క చేతిలో దోసె ముక్క. చట్నీలో అద్దింది.

"ఆమాంగ" అంది. అవునండీ అని.

నోట్లో పెట్టుకుంది. నమిలింది. మింగింది. అన్నీ చూశాను.

తిరుగుదారిలో ఫ్లైఓవర్ ఎక్కాక అడిగాను, ఆమా అన్నావే, ఏ మాటకు ఆమా అన్నావు అని. అద్దంలో నావైపు చూసింది.

"ఒక్క ఆమాకు నాకు పని వస్తాది. నువ్వు దినమూ ఎన్ని ఆమా అంటావురా ఆ మనిషికి? దానికి నీకేమి వచ్చినాది?"

గాంధీపురంలో దించలేదు. సిగ్నల్ దాటించి, ఎండలో, బస్సు ఆగని చోట దించాను.

జూన్ 18

దినమూ ఎన్ని అంటాను. లెక్కపెట్టలేదు.

జూన్ 20, గురువారం

చెప్పేశాను.

సార్ ఏమీ అడగలేదు. రైల్వే గేటు పడింది, బండ్లన్నీ ఆగాయి. ఆయన వెనక కూర్చుని ఎవరికో ఫోన్లో ఆమె గురించే చెప్తున్నాడు, మనోళ్ళ పిల్ల, రెగ్యులర్ ఆర్డర్ ఇచ్చేద్దాం, నాలుగేళ్ళలో అసోసియేట్ ప్రొఫెసర్ చేద్దాం అని. ఫోన్ పెట్టేశాడు. ఏరా, ఆ రోజు పిల్లను జాగ్రత్తగా దించినావా అన్నాడు. ఆయన అడిగింది అంతే.

"దించినాను సార్. ఆమె మా అక్క సార్."

నవ్వాడు. "చదువుకునినవాళ్ళంతా నీకు అక్కలేరా."

"లేదింగ సార్. ఒక కడుపు. తుడియలూరు కాలనీ. మా నాయన కుళందైసామి, ఫౌండ్రీలో ఉండాడు. మేమూ ఏటూరోళ్ళే."

రైలు వచ్చింది. పొడుగు గూడ్సు. అది పోయింది. గేటు లేచింది, నేను గేరు వేశాను. అప్పుడు ఆయన తమిళంలో, ఏసీ కొంచెం పెంచు అన్నాడు.

దారంతా తమిళమే. ఇంటి దగ్గరికి వచ్చాక రిజిస్ట్రార్‌కు ఫోన్ చేశాడు. నేను లేనట్టే. ఆ డాక్టరేట్ అమ్మాయికి టెంపరరీ ఆర్డర్ చాలు అన్నాడు. ఇన్‌స్పెక్షన్ టీం వచ్చి పోయేదాకా తల ఒకటి ఉండాలి కదా, వాళ్ళు పోయిన మరుసటి రోజు చూసుకుందాం అన్నాడు. అవతల రిజిస్ట్రార్ ఏదో అడిగాడు.

"లేదు లేదు, పాఠం బాగానే చెప్తుంది. అది వేరే విషయం" అన్నాడు సార్.

జూన్ 21

ఆలోచిస్తే మంచికే చెప్పాను. ఎప్పటికైనా తెలిసేదే. పెళ్ళి సంబంధం దాకా పోయాక తెలిస్తే ఇంకా పెద్ద గొడవ. నేను చెప్పబట్టి ముందే తేలిపోయింది. అక్కే నాకు చెయ్యెత్తి మొక్కాలి.

జూన్ 22

ఆయన అడిగాడు కాబట్టి చెప్పాను. అడిగితే అబద్ధం ఎట్లా చెప్పేది.

జూన్ 25, మంగళవారం

ఆర్డర్ వచ్చింది. ఒకటో తేదీ చేరాలి.

అమ్మ వీధంతా చక్కెర పంచింది. నాయన ఫౌండ్రీ నుంచి వస్తూ కోడి తెచ్చాడు. స్నానం చేసి తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు, ఎవరో ఫోటో తీస్తారన్నట్టు. ఆర్డర్‌లో టెంపరరీ అని ఉంది, అక్క చూసింది. మొదట అందరికీ అట్లే ఇస్తారని అమ్మకు చెప్పింది.

ఇన్నాళ్ళు పాఠాలు చెప్పిన పాత కాలేజీకి రాజీనామా పంపింది. అక్కడ టీచర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీవాళ్ళే పెట్టుకుంటారు, రాజీనామా చేస్తేనే చేతికిస్తారు. చేసినవాళ్ళను మళ్ళీ గేటులోకి రానివ్వరు. ఆ సర్టిఫికెట్లు ఇప్పుడు యూనివర్సిటీలో ఇవ్వాలి, వీళ్ళూ పెట్టుకుంటారు. ఎక్కడైనా అంతే, పశువుకు పలుపు వేసినట్టు.

పంపకముందు చెప్పివుండాలి. నేను బయట బండి తుడుస్తున్నాను. అక్క కంప్యూటర్ మూసి, పంపేశాను అమ్మా అంది.

నన్ను పిలిచి కోడి కాలు నా కంచంలో వేసింది. చిన్నప్పటి నుంచి అది ఆమెదే. "నీ పని వదలాల్సిన పని లేదులే. నేను ఏమైనా చెప్పుకుంటాను" అంది.

తిన్నాను.

జూన్ 28

చెప్పలేదు.

జూలై 1, సోమవారం

చేరింది. సార్ ఇంగ్లీషులో వెల్కమ్ మేడం అన్నాడు, చెయ్యి ఇవ్వలేదు. చెప్పలేదు.

జూలై 4

మధ్యాహ్నం పిల్లలు నలుగురైదుగురు ఆమె వెంటపడి మెట్లు దిగారు. ఏదో డౌట్. ఆమె చాక్‌పీసుతో మెట్టు మీదే గీసి చూపించింది. పిల్లలు తలలు దూర్చి చూస్తున్నారు. నవ్వుతోంది. ఇంట్లో అట్లా నవ్వగా నేను చూడలేదు.

కారు తీసి వేరే పక్కకు పోయి పెట్టుకున్నాను.

జూలై 7, ఆదివారం

పాత కాలేజీలో ఆమెతో పనిచేసే కళైవాణి ఇంటికి వచ్చింది. ఆమెకూ డాక్టరేట్ అయిపోవచ్చింది. ఆ అమ్మాయి పోయాక అక్క అమ్మతో అంటోంది, కళైవాణినీ రాజీనామా చేసి వచ్చెయ్యమన్నాను, సార్‌తో నేను మాట్లాడతాను అని. ఎంత ధైర్యంగా అంటోందో. సార్‌తో ఆమె మాట్లాడుతుందట.

"ఎవరినీ రమ్మనొద్దు" అన్నాను. "టీం పోయేదాకానే నీ పని."

అమ్మకు అర్థం కాలేదు. అక్కకు అయింది. చేతిలో ఉన్న గ్లాసు మెల్లగా కింద పెట్టింది.

"ఎవరు చెప్పింది?"

"సార్ ఫోన్లో చెప్తా ఉంటే విన్నాను."

"ఆయనకు మన సంగతి ఎట్ట తెలిసినాది?"

"అడిగినాడు. చెప్పినాను."

"అడిగినాడా?"

"ఆమా."

చాలాసేపు నా ముఖంలోకి చూసింది. కొడుతుందనుకున్నాను, కొట్టివుంటే బాగుండేది. అమ్మ ఏడుపు మొదలుపెట్టింది, నన్ను కన్న దినాన్ని తిట్టింది. నాయన లేచి వాకిట్లోకి పోయాడు. ఆయన నన్ను దాటి పోతూ, చొక్కా నాకు తగలకుండా ఒంటికి పట్టుకున్నాడు. అది చూశాను.

అక్క మాత్రం ఏడవలేదు. చాప వేసుకుని నా ఎదురుగా కూర్చుంది. ఫోన్లో ఆయన అన్నది అన్నట్టు చెప్పు అంది. టీం ఎప్పుడొస్తుంది, ఎవరెవరు వస్తారు, డాక్టరేట్ వాళ్ళు ఇంకా ఎంతమంది తక్కువ, రిజిస్ట్రార్ ఎందుకు భయపడుతున్నాడు, అన్నీ అడిగింది. కారులో ఇన్ని నెలలుగా నా చెవిన పడ్డవన్నీ, రైల్వే గేటు కాడ జరిగిందీ లాగింది. ఒకటి తప్పు చెబితే మళ్ళీ మొదటినుంచి. పదో తేదీ టీం వస్తుంది. డాక్టరేట్ వాళ్ళు సరిగ్గా లెక్కకు సరిపోయారు, ఒక్కరు తగ్గినా సెక్షన్ పోతుంది. మిగతావాళ్ళలో ఇద్దరు పేరుకే ఉన్నారు, ఆ రోజు బెంగళూరు నుంచి వచ్చి నిలబడతారు.

"సరి" అంది. లేచి చాప చుట్టింది. ఈ ఇంట్లో నాతో ఇంక మాట్లాడదనుకున్నాను. నేను కూడా మాట్లాడను.

జూలై 8, సోమవారం

సాయంత్రం సార్ గదిలోకి పోయింది. నేను తాళం చెవి పట్టుకుని వరండాలో. తలుపు మూసే ఉంది, ఏమీ వినపడలేదు. కాసేపటికి రిజిస్ట్రార్‌ను పిలిపించారు. ఆయన లోపలికి పోయి, బయటికి వచ్చి, మళ్ళీ పోయాడు. చొక్కా వీపంతా తడిసింది.

అక్క బయటికి వచ్చి బస్టాపు వైపు నడిచింది. తర్వాత సార్ వచ్చాడు. నా ముందు నిలబడి అరచెయ్యి చాపాడు.

"సావి" అన్నాడు. తమిళంలోనే.

తాళం చెవి ఆయన చేతిలో పెట్టాను. వాచ్‌మన్ ఈశ్వరన్ వచ్చి, డాష్‌బోర్డులో నా వస్తువులుంటే తీసుకో తంబీ అన్నాడు. నల్లకళ్ళద్దాలు, తుడిచే గుడ్డ. గుడ్డ వదిలేసి వచ్చాను. కాదు, అదీ తెచ్చాను.

ఇంటికొచ్చేసరికి అక్క పొయ్యి దగ్గర ఉంది. అడగకముందే చెప్పింది. పదో తేదీలోపల రిజిస్ట్రార్ సీలుతో రెగ్యులర్ ఆర్డర్ కావాలని అడిగిందట, లేకుంటే పదో తేదీ తనకు జ్వరం వస్తుందని చెప్పిందట. నీ సర్టిఫికెట్లు మా దగ్గరున్నాయి అన్నాడట సార్. పెట్టుకోండి, టీం వచ్చినప్పుడు వాటినే కుర్చీలో కూర్చోబెట్టండి అందట. బెంగళూరు మనుషుల సంగతి కూడా ఎత్తిందట. అప్పుడే రిజిస్ట్రార్‌ను పిలిచారు.

"ఇస్తానన్నారు. రేపు చేతికి వస్తాది. ఒక ఇంటినుంచి ఇద్దరు ఒక డిపార్ట్‌మెంట్‌లో ఉండేదానికి రూల్ లేదు అనినాడు. నువ్వా, వాడా అనినాడు."

"నువ్వేమన్నావు?"

"నేనని చెప్పినాను."

పొయ్యిలో పప్పు పొంగింది. మూత తీసింది.

"ఒక్క నిమిషం ఆలోచించి ఉండొచ్చు" అన్నాను.

"నువ్వు ఆ రైల్వే గేటు కాడ ఎంతసేపు ఆలోచించినావు? నువ్వు నన్ను ఇచ్చినావు. నేను నిన్ను ఇచ్చినాను. తినేదానికి రా."

తినలేదు. నేనైతే అట్లా చెయ్యను. నన్ను అడిగివుంటే, అక్కే ఉండనీండి అని నేనే చెప్పేవాణ్ణి. అడగలేదు కదా.

జూలై 9, మంగళవారం

గాంధీపురంలో కాల్ టాక్సీ ఆఫీసుకు పోయాను. ఎక్కడెక్కడ పనిచేసినావు అని అడిగితే చెప్పాను. అన్నీ ఎందుకు వదిలినావు అన్నాడు. ఇదొక్కటి నేను వదల్లేదన్నాను. వాడికి అది కూడా అదే లెక్క. లైసెన్సు జెరాక్సు పెట్టి పో, చూద్దాం అన్నాడు.

సాయంత్రం అక్క ఆర్డర్‌తో వచ్చింది. సీలు ఉంది. నాయన దాన్ని చేత్తో తాకలేదు, దూరం నుంచే చూసి తలాడించాడు. ఈసారి ఎవరూ చక్కెర పంచలేదు.

నేను వాకిట్లో నా పాత బండి చైను బిగిస్తున్నా. వచ్చి పక్కన నిలబడింది.

"రేపు ఎనిమిదికి ఆడ ఉండాలి. బండిలో దింపు."

"గేటు దాకానా?"

"గేటు దాకా ఎందుకు? లోపలికి. మెట్ల దాకా."

"ఏమి, ఇంక దాచేది లేదనా?"

"ఆమా. బస్సు కూడా లేదు."

దింపుతానని నేను అనలేదు.

జూలై 10, బుధవారం

దింపాను.

గేటు దగ్గర ఈశ్వరన్ చెయ్యి అడ్డం పెట్టాడు. నన్ను లోపలికి వదలొద్దని ఆర్డరట, తప్పుగా అనుకోవద్దు తంబీ అన్నాడు. వెనక కూర్చున్న అక్క మెడలో ఐడీ కార్డు బయటికి తీసి చూపించింది. "నా తమ్ముడు. నన్ను దించి పోతాడు. కావాలంటే మీ సార్‌కు ఫోన్ చెయ్యండి, నేను మాట్లాడతాను" అంది. ఈశ్వరన్ ఫోన్ చెయ్యలేదు. ఈరోజు సార్‌కు ఎవరు ఫోన్ చేస్తారు.

డిపార్ట్‌మెంట్ ముందు అంతా సింగారించి ఉన్నారు. అరటి చెట్లు కట్టారు. మెట్ల కింద పెద్ద రంగుల ముగ్గు, మధ్యలో టీంకు స్వాగతం అని ఇంగ్లీషులో. సార్ పట్టు శాలువా చేతిమీద వేసుకుని నిలబడ్డాడు. పక్కన రిజిస్ట్రార్, బెంగళూరు నుంచి వచ్చిన ఇద్దరూ కొత్త టైలతో. మేళం కూడా ఉంది. బండి చప్పుడు విని టీం కారనుకుని మేళంవాడు ఒక దెబ్బ వేసేశాడు. తర్వాత మమ్మల్ని చూసి ఆపేశాడు.

అక్క దిగింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. వెనక్కి చూడలేదు. సార్ ముందుకు పోయి నిలబడి గుడ్ మార్నింగ్ సార్ అంది. అందరూ చూస్తున్నారు. ఆయన నావైపు చూశాడు, ఆమెవైపు చూశాడు.

"గుడ్ మార్నింగ్ మేడం" అన్నాడు.

ఆమె మెట్లెక్కి లోపలికి పోయింది. క్లాసు ఉంది.

నేను బండి తిప్పుకోవాలి. ముగ్గు పక్కన రోడ్డు ఖాళీగానే ఉంది, కారు తిరిగేంత చోటు. తెల్లారి నుంచి ఆడపిల్లలు కూర్చుని వేసిన ముగ్గు, వాళ్ళ చేతులకు ఇంకా రంగులు అంటుకునే ఉన్నాయి. వాళ్ళమీద నాకేం కోపం లేదు.

ముగ్గు మీదుగానే పోనిచ్చాను.